ఒక్క ఎర్రర్ సరిచేస్తే ఆరు కొత్తవి వచ్చాయి, యూనిటీలో ఆబ్జెక్టుల అర్రే, ఎవరైనా చూడండి

ఏడోపెంకు:

అందరికీ నమస్తే. డిప్లొమా ఫైనల్ ఇయర్ నాది, ప్రాజెక్ట్ కోసం నేనూ మా బాబాయి కొడుకూ కలిసి గేములు చేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో ఏడుపెంకులాట చేస్తున్నాం, వెర్షన్ 2022.3. పెంకుల దొంతి, బంతి, అటు జట్టు ఇటు జట్టు, బొమ్మలన్నీ వాడే గీశాడు బానే వచ్చాయి, స్క్రిప్ట్ నా వంతు, అక్కడే బండి ఆగిపోయింది.

ఏడు పెంకులకి ఏడు వేరియబుల్స్ ఎందుకు, ఒకే అర్రేలో, అంటే ఒకే పేరు కింద వరస గడుల్లో, పెడదాం అనుకున్నా. సీ లాంగ్వేజ్ లో రాసినట్టే రాశా. ల్యాప్‌టాప్ కి నెట్ లేదు, ఫోన్ లో తెలుగు కీబోర్డ్ తో కొడుతున్నా, కోడ్ కూడా పలికినట్టే రాస్తున్నా, ఏమనుకోవద్దు:

పబ్లిక్ గేమ్‌ఆబ్జెక్ట్ పెంకులు[7];

దీనికి సీఎస్0650 అని ఎర్రగా వచ్చింది, అర్రే డిక్లరేషన్ బాలేదంటాడు. ఎక్కడో చూసి బ్రాకెట్లు ముందుకి జరిపా, 7 తీసేశా:

పబ్లిక్ గేమ్‌ఆబ్జెక్ట్[] పెంకులు;

హమ్మయ్య పోయింది అనుకున్నా, సేవ్ కొట్టి యూనిటీలోకి వెళ్తే ఇప్పుడు ఆరు ఎర్రర్లు!! ముందు ఒక్క లైన్ లోనే ఉంది గొడవ, నేను దాన్ని బాగుచేశాక ఇలా అయ్యింది. భయమేసి కంట్రోల్ జెడ్ కొట్టా, కొడితే మళ్ళీ ఆ పాతదొక్కటే వచ్చింది. అంటే పాత కోడే నయమా? పైగా ఇన్‌స్పెక్టర్ లో, అదే సెట్టింగులు కనపడే ప్యానెల్ లో, ఏడు గడులు రావాలి కదా పెంకులు లాగి పడేయడానికి, అవి కూడా రావట్లేదు, స్క్రిప్ట్ రెండుసార్లు తీసి పెట్టా అయినా లేదు.

కింద కోడ్ ఇది:

పెంకులు = గేమ్‌ఆబ్జెక్ట్.ఫైండ్‌గేమ్‌ఆబ్జెక్ట్‌విత్‌ట్యాగ్("పెంకు");
పెంకులు.సెట్‌యాక్టివ్(ట్రూ);
టైల్ మొదటిది = పెంకులు[0];
ఫర్ (ఇంట్ ఐ = 0; ఐ <= పెంకులు.కౌంట్; ఐ++)
{
పెంకులు[ఐ].పడిందా = ట్రూ;
పెంకులు[ఐ].ట్రాన్స్‌ఫార్మ్.పొజిషన్.వై = 0;
}

టైల్ అనేది ఒక్కో పెంకుకి తగిలించిన ఇంకో స్క్రిప్ట్, పడిందా అనే బూలియన్ (అవును, కాదు అని మాత్రమే ఉండేది) అందులో ఉంది. సోమవారం సార్ కి చూపించాలి. ప్లీజ్.

రాత్రిబండి:

బ్రో ముందు ఒక డౌట్, వేరియబుల్ పేర్లు నిజంగానే తెలుగులో రాశావా లేక ఇక్కడ టైప్ చేయడం కోసమా? నిజంగా అయితే అదే నీ ప్రాబ్లమ్, కోడ్ ని చదివి మెషీన్ కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ కి తెలుగు ఎలా తెలుస్తది. అన్నీ ఇంగ్లీషులోకి మార్చి మళ్ళీ ట్రై చెయ్యి. ఇంకోటి, అర్రే ఎందుకు బ్రో 2022 లో, లిస్ట్ వాడు, హాయిగా ఉంటది.

సెమికోలన్ సుబ్బయ్య:

తెలుగు పేర్ల వల్ల కాదండీ. యూనిటీ స్క్రిప్టులు రాసే సీ షార్ప్ లో పేరు ఏ భాష అక్షరాలతోనైనా రాసుకోవచ్చు, అ నుంచి హ దాకా అన్నీ దానికి అక్షరాలే, గుడులు కొమ్ములు ఒత్తులు కూడా పేరు మధ్యలో ఒప్పుకుంటుంది. ఫైల్ యూటీఎఫ్ 8 లో సేవ్ అయి ఉండాలి అంతే. ఒక్కటి మాత్రం కుదరదు, విలువ రాసేచోట 7 బదులు తెలుగు అంకె వేస్తే అది నంబర్ గా తీసుకోదు. నేను ఒకసారి సరదాకి వేసి చూసి తిట్లు తిన్నా లెండి, కంపైలర్ చేత.

అబ్బాయి రాసినదాంట్లో తప్పులు వేరే ఉన్నాయి. పెద్దవాళ్ళెవరైనా తీరిగ్గా చెప్తారు, నేను ఆఫీసు బస్సులో ఉన్నా.

ఏడోపెంకు:

అవునండీ నిజంగానే తెలుగులో రాశా, క్లాస్ పేర్లూ ఫైల్ పేర్లూ మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. సార్ తెలుగు పేర్లు చూస్తే మార్కులేస్తారని మావాడి ఐడియా.

మినపరొట్టె:

తమ్ముడూ, కంట్రోల్ జెడ్ కొట్టడం ఆపు ముందు. ఒకటి పోయి ఆరు వచ్చాయంటే నువ్వు ముందుకెళ్ళావు, వెనక్కి కాదు.

కంపైలర్ నీ ఫైల్ ని ఒక్కసారే మొత్తం చదివి అన్ని తప్పులూ చెప్పేయదు. మొదట వాక్యాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని మాత్రమే చూస్తుంది, బ్రాకెట్లు, సెమికోలన్లు, ఏది ముందు ఏది వెనక. అక్కడే తప్పు దొరికితే ఇక అర్థం జోలికి పోదు, ఆ తప్పులు మాత్రం నీ మొహాన కొట్టి ఆగిపోతుంది. దస్తూరీ అర్థం కాని పేపర్ కి మార్కులు వేయరు చూడు, అలాగ. నీ 0650 ఆ మొదటి రకం. అది సరిచేశాక ఇప్పుడు నీ కోడ్ లోపలికి వచ్చి ఏ వస్తువు ఏ రకం, ఎవరికి ఏ పని వచ్చు అని చూసింది. ఈ ఆరూ మొదట్నుంచీ ఉన్నవే, ఇప్పటిదాకా నీకు కనపడలేదు.

మా స్టూడియోలో కొత్తగా చేరిన పిల్లలు ఇదే చేస్తారు, ఎర్రర్ల లెక్క తగ్గితే బాగుపడినట్టూ పెరిగితే చెడినట్టూ. నేను కూడా చేరినప్పుడు ఒక రాత్రంతా ఇలాగే సరిగ్గా ఉన్న మార్పుని వెనక్కి తీసుకుంటూ కూర్చున్నా, పొద్దున టీ తాగుతూ మా లీడ్ ఒక్క ముక్కలో చెప్పాడు.

గడులు రావట్లేదన్నావు, అది వేరే ప్రాబ్లమ్ కాదు. ప్రాజెక్ట్ లో ఏ మూల ఏ స్క్రిప్ట్ లో ఒక్క కంపైల్ ఎర్రర్ ఉన్నా యూనిటీ కొత్త కోడ్ ని లోడ్ చేసుకోదు, ఇన్‌స్పెక్టర్ పాత కోడ్ నే చూపిస్తూ ఉంటుంది, ప్లే కూడా నొక్కనివ్వదు. ఎర్రర్లు సున్నా అయిన క్షణం అర్రే దానంతటదే కనపడుతుంది, దాని సైజ్ 7 అని పెడితే ఏడు గడులు వస్తాయి. స్క్రిప్ట్ తీసి పెట్టకు, పెట్టిన రిఫరెన్సులు పోతాయి.

ఇప్పుడు నీ ఆరూ. ముందు బ్రాకెట్ల సంగతి, ఎందుకంటే మిగతావన్నీ దాన్నుంచే పుడుతున్నాయి. సీ లో అర్రే అనేది పేరుకి తగిలించేది, ఇంట్ ఎ[7] అని. ఇక్కడ బ్రాకెట్లు రకంలో భాగం. గేమ్‌ఆబ్జెక్ట్ ఒక రకం, గేమ్‌ఆబ్జెక్ట్[] ఇంకో రకం, రెండూ వేరే వేరే జాతులు. పెంకు వేరు, పెంకుల దొంతి వేరు. దొంతిని పట్టుకుని నువ్వు పడ్డావా అంటే ఏం చెప్తుంది పాపం?

మొదటి లైన్. ఫైండ్‌గేమ్‌ఆబ్జెక్ట్‌విత్‌ట్యాగ్ ఒక్కదాన్నే తెచ్చిస్తుంది. నువ్వు దాన్ని దొంతిలో పెట్టమంటున్నావు, అందుకే సీఎస్0029, ఈ రకాన్ని ఆ రకంగా మార్చలేను అంటోంది. మధ్యలో ఒక్క ఎస్ తగిలించు, ఫైండ్‌గేమ్‌ఆబ్జెక్ట్స్‌విత్‌ట్యాగ్, అది అర్రే ఇస్తుంది. ఈ ఒక్క ఎస్ దగ్గర ఎంతమంది పడ్డారో లెక్కలేదు, గెట్‌కాంపొనెంట్ కీ గెట్‌కాంపొనెంట్స్ కీ అదే తేడా.

రెండో లైన్, దొంతికి సెట్‌యాక్టివ్ అనే పని రాదు, సీఎస్1061. ఒక్కొక్క పెంకుకి చెప్పాలి, అంటే అది కూడా లూప్ లోపలికి వెళ్ళాలి. కౌంట్ దగ్గర కూడా 1061 ఏ, కానీ కారణం వేరు, అర్రేకి లెంగ్త్ ఉంటుంది, కౌంట్ లిస్ట్ కి ఉంటుంది. నంబర్ ఒకటే అని మందు ఒకటే అనుకోకు.

మూడో లైను మళ్ళీ 0029. నీ పెంకు గేమ్‌ఆబ్జెక్ట్, టైల్ దానికి తగిలించిన స్క్రిప్ట్, మనిషి వేరు వేసుకున్న చొక్కా వేరు. పడిందా దగ్గర కూడా ఇదే కథ, ఆ బూలియన్ టైల్ లో ఉంది, గేమ్‌ఆబ్జెక్ట్ కి దాని గురించి తెలియదు. ప్రతిసారీ గెట్‌కాంపొనెంట్ రాయొచ్చు కానీ నన్నడిగితే అసలు అర్రేనే మార్చెయ్:

పబ్లిక్ టైల్[] పెంకులు;

అప్పుడు పెంకులు[ఐ].పడిందా నేరుగా పనిచేస్తుంది. ఇన్‌స్పెక్టర్ లో పెంకు బొమ్మని లాగి పడేస్తే యూనిటీయే దానికున్న టైల్ ని పట్టుకుంటుంది. ఫైండ్ లైన్ పూర్తిగా తీసెయ్, ఏడూ సీన్ లోనే ఉన్నాయి కదా, వెతకడం ఎందుకు. ఉంచావనుకో అది గేమ్‌ఆబ్జెక్ట్ ల అర్రే తెస్తుంది, నీది టైల్ ల అర్రే, మళ్ళీ 0029 మొదటికొస్తుంది. సెట్‌యాక్టివ్ మాత్రం ఇప్పుడు పెంకులు[ఐ].గేమ్‌ఆబ్జెక్ట్.సెట్‌యాక్టివ్ అని రాయాలి.

ఆఖరిది పొజిషన్.వై, సీఎస్1612. దీనికి అర్రేతో సంబంధం లేదు కానీ అందరూ అర్రే మీదకే తోస్తారు. రాత్రి వచ్చి చెప్తా, మీటింగ్ ఉంది.

కరీంనగర్ కోడర్:

అక్క అన్నీ మంచిగ చెప్పింది, 1612 నేను జెప్త. తమ్మీ, పొజిషన్ అని అడిగితే యూనిటీ నీకు అసలు కాయితం ఇయ్యదు, జిరాక్స్ ఇస్తది. పొజిషన్ ది వెక్టర్3 అనే రకం, అది స్ట్రక్ట్ కదా, అడిగిన ప్రతిసారి కాపీయే. ఆధార్ జిరాక్స్ మీద పెన్నుతోని అడ్రస్ దిద్దితే ఆధార్ ల అడ్రస్ మారుతదా? మారది. నువ్వు గదే చేస్తున్నవ్. కంపైలర్ నయం, నువ్వు దిద్దేది ఉత్త కాపీ, దిద్ది ఏం ఫాయిదా లేదు అని ముందే ఆపింది, లేకపోతే పెంకు ఎందుకు కదుల్తలేదో అని వారం కొట్టుకునేటోనివి.

ఏం చెయ్యాలంటే జిరాక్స్ తీస్కో, దిద్దు, దాన్నే మళ్ళ అసలు దాని జాగల దాఖల్ చెయ్యి:

వార్ చోటు = పెంకులు[ఐ].ట్రాన్స్‌ఫార్మ్.పొజిషన్;
చోటు.వై = 0;
పెంకులు[ఐ].ట్రాన్స్‌ఫార్మ్.పొజిషన్ = చోటు;

మూడు లైన్లు. అంతే. అన్నీ సున్నాల పెడితే ఏడు పెంకులు ఒకదాంట్ల ఒకటి దూరుతయ్ గానీ అది నీ గేమ్, నీ ఇష్టం.

ఇంకోటి, అక్క చెప్పడం మర్చిపోయింది. ఐ <= అని ఉంది నీ లూప్ ల. కౌంట్ ను లెంగ్త్ చేస్తే కంపైల్ అయితది, కానీ నడుస్తప్పుడు పేలుతది. ఏడు పెంకులు అంటే సున్నా నుంచి ఆరు, ఏడో నంబర్ గడి లేనే లేదు. నీ పేరే ఏడోపెంకు, నీకే ఎర్రర్ 😄 ఉత్త < పెట్టు.

ఏడోపెంకు:

అన్నా ఆ జిరాక్స్ మాట మా వాడికి చెప్తే వాడికి కూడా అర్థమైంది, వాడికి ప్రోగ్రామింగే రాదు. ఎర్రర్లు సున్నా!! గడులు కూడా వచ్చాయి అక్కా. ఏడు గడుల్లో ఏడు పెంకులూ ఒక్కోటీ లాగి పడేస్తున్నా, ఒకటి పట్టుకోగానే ఇన్‌స్పెక్టర్ ఆ పెంకుదే అయిపోతోంది, మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగి, అరగంట పట్టింది.

రాత్రిబండి అన్న చెప్పాడని పెంకు వివరాలు లిస్ట్ లో పెట్టి చూశా, నంబరు, బరువు, పడిందా ఇవి ఒక స్ట్రక్ట్ చేసి లిస్ట్ చేశా. వివరాలు[2].పడిందా = ట్రూ అంటే మళ్ళీ ఆ 1612 వచ్చింది. ఇక్కడ పొజిషన్ లేదు కదా? అదే స్ట్రక్ట్ ని అర్రేలో పెట్టి అదే లైన్ రాస్తే ఏ గొడవా లేదు. బుర్ర తిరిగిపోయింది.

రాత్రిబండి:

సారీ బ్రో నేను క్లాస్ అనుకుని చెప్పా, నువ్వు స్ట్రక్ట్ చేస్తావనుకోలేదు 🙏 తెలుగు పేర్ల సంగతి కూడా ఇవాళే తెలిసింది, నేను పరాయి కీబోర్డ్ కి పదేళ్ళు ఊరికే భయపడ్డా.

మినపరొట్టె:

చూశావా, మంచి చోట కాలేశావు, ఇది చాలామంది సీనియర్లకి కూడా తడబడే చోటు.

అర్రేలో బ్రాకెట్ పెట్టి 2 అంటే చెయ్యి నేరుగా ఆ గడిలోకే వెళ్తుంది, అక్కడున్న అసలుదాన్నే ముట్టుకుంటావు, అందుకే దిద్దొచ్చు. లిస్ట్ లో చూడ్డానికి అదే బ్రాకెట్ లా ఉంటుంది గానీ లోపల అది ఒక ఫంక్షన్ పిలుపు. కౌంటర్ దగ్గర గుమస్తాని అడిగినట్టు, ఆయన లోపలికెళ్ళి తెచ్చిస్తాడు. స్ట్రక్ట్ అయితే ఆయన తెచ్చేది కరీంనగర్ తమ్ముడు చెప్పిన జిరాక్సే. కాబట్టి తీసుకుని, దిద్ది, వివరాలు[2] కి తిరిగి పెట్టాలి, లేదా స్ట్రక్ట్ అన్న చోట క్లాస్ అని మార్చాలి. క్లాస్ అయితే గుమస్తా ఇచ్చేది జిరాక్స్ కాదు, ఇంటి అడ్రసు చీటీ, చీటీ కాపీ అయినా వెళ్ళేది అదే ఇంటికి.

ఫర్‌ఈచ్ తో తిప్పితే స్ట్రక్ట్ అర్రేలో కూడా దిద్దనివ్వదు, అక్కడ వేరే నంబర్ వస్తుంది, అప్పుడు మామూలు ఫర్ వాడుకో.

నీకైతే లిస్ట్ అక్కర్లేదు. లిస్ట్ ఎప్పుడంటే లెక్క మారుతూ ఉన్నప్పుడు, ఆట మధ్యలో ఔటైన వాళ్ళని తీసేయాలి, కొత్తవాళ్ళు రావాలి అలాంటప్పుడు. పెంకులు ఎప్పుడైనా ఏడే కదా, ఎనిమిదో పెంకు పెట్టి ఆడినవాణ్ణి నేను చూడలేదు.

అరగంట లాగావన్నావు అయ్యో. ఇన్‌స్పెక్టర్ పైన కుడివైపు మూల చిన్న తాళం బొమ్మ ఉంటుంది, అది నొక్కితే ఇన్‌స్పెక్టర్ కదలదు. తర్వాత హైరార్కీలో, అంటే సీన్ లో ఉన్న వస్తువుల జాబితాలో, ఏడూ కలిపి సెలెక్ట్ చేసి అర్రే పేరు మీదకి ఒకేసారి పడేయి. పని అయ్యాక తాళం తీయడం మర్చిపోకు, మర్చిపోతే గంటకి యూనిటీ పాడైందని ఇక్కడే ఇంకో ప్రశ్న వేస్తావు.

ఏడోపెంకు:

తాళం అరగంట ముందు చెప్పుంటే బావుండేది అక్కా 😭

ఇంకొక్కటే. జట్టు కోసం ఇంకో అర్రే చేశా. ఆటగాడు అని మామూలు క్లాస్, ఆబ్జెక్ట్ కి తగిలించే మోనోబిహేవియర్ కాదు, పేరూ స్కోరూ ఉంటాయి.

ప్రైవేట్ ఆటగాడు[] జట్టు = న్యూ ఆటగాడు[5];

స్టార్ట్ లో జట్టు[0].స్కోరు = 0 అన్నా. కంపైల్ అయ్యింది, ప్లే నొక్కగానే నల్‌రిఫరెన్స్. న్యూ అని రాశా కదా, అయిదు తయారు చేసినట్టే కదా?

సెమికోలన్ సుబ్బయ్య:

గుడ్ల అట్ట కొన్నారండీ, గుడ్లు కొనలేదు.

న్యూ ఆటగాడు[5] అంటే అయిదు గుంటలున్న అట్ట మాత్రమే వస్తుంది, గుంటలన్నీ ఖాళీ. ఖాళీ గుంటని పట్టుకుని స్కోరు రాయమంటే ఎక్కడ రాస్తుంది. లూప్ పెట్టి ఒక్కో గుంటలో జట్టు[ఐ] = న్యూ ఆటగాడు(); అని ఒక్కో గుడ్డూ పెట్టాలి. ఇది కంపైలర్ పట్టుకోదు, ఎందుకంటే రకం సరిగ్గానే ఉంది, లోపల ఏమీ లేదని నడిచేటప్పుడే తెలుస్తుంది.

స్ట్రక్ట్ అయితే ఈ బాధ లేదు, అట్టతోపాటే గుడ్లు వస్తాయి, అన్నీ సున్నాలతో.

ఇంకో తిరకాసుంది. క్లాస్ పైన సిస్టమ్.సీరియలైజబుల్ అని పెట్టి, ప్రైవేట్ తీసి పబ్లిక్ చేస్తే ఇన్‌స్పెక్టర్ లో గడులు వస్తాయి, ఆ గుడ్లు యూనిటీయే పెట్టేస్తుంది, నల్ రాదు. అందుకే కొంతమంది మా దగ్గర పనిచేస్తోంది నీ దగ్గర ఎందుకు చెయ్యదు అంటారు. కాకపోతే ఒకసారి ఇన్‌స్పెక్టర్ లోకి వెళ్ళాక ఇక మాట దానిదే. మీరు స్క్రిప్ట్ లో 5 తీసి 7 రాసినా సీన్ లో ఉన్న స్క్రిప్ట్ కి అయిదే ఉంటాయి. మా ఆఫీసులో ఒకాయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్క్రిప్ట్ లో నంబర్ మారుస్తూ కూర్చున్నారు, నేను వెళ్ళి ఇన్‌స్పెక్టర్ లో సైజ్ మార్చి వచ్చా, అప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడరు.

కరీంనగర్ కోడర్:

😂😂 సుబ్బయ్యన్నా మీ ఆఫీస్ కతలు వేరే పెట్టు.

తమ్మీ, ఒక అలవాటు చేస్కో. కన్సోల్ ల ఎన్ని ఎర్రగ ఉన్నా పైన ఉన్న ఫస్ట్ దాన్ని డబుల్ క్లిక్ చెయ్యి, సీదా ఆ లైన్ కు తీస్కపోతది. మెసేజ్ ల కామా పెట్టి రెండు నంబర్లు ఉంటయ్ చూడు, 14,30 అని, మొదటిది లైన్, రెండోది ఎన్నో అక్షరం దగ్గర అని. చాలమంది లైన్ చూస్తరు, రెండోది చూడరు, మూడు బ్రాకెట్లు ఉన్న లైన్ ల అదే అసలు చెప్పేది. ఫస్ట్ ది సాఫ్ చేసి సేవ్ చేసి మళ్ళ చూడు, కొన్నిసార్లు ఒక్క మూసే బ్రాకెట్ పెడితే ఇరవై పోతయ్. పాత వీడియోలు చూసి రాస్తుంటే ఇంకో సంగతి, వార్ పెంకులు, కోలన్, గేమ్‌ఆబ్జెక్ట్[] అని ఎక్కడన్న ఉంటే అది ఈ భాష కాదు, యూనిటీస్క్రిప్ట్ అని పాతది, 2017 ల దాన్ని ఆపేస్తమని చెప్పిన్రు. అవి మక్కీకి మక్కీ దింపకు.

ఏడోపెంకు:

ఆ కోలన్ వీడియో నేను చూశాను అన్నా, రెండు రోజులు దాంతోనే పోయాయి. తేదీ చూసుకోలేదు.

గుడ్లు పెట్టేశా, నల్ పోయింది. బంతి తగిలితే దొంతి కూలుతోంది, మళ్ళీ పేర్చుతుంటే కూడా వస్తోంది. కానీ ఇప్పుడు పెద్ద పెంకు పైకీ చిన్నది అడుక్కీ వెళ్తోంది, ఒక్కోసారి మధ్యలోకి. లెవెల్ రెండులో దొంతిని ప్రిఫ్యాబ్ (ముందే చేసిపెట్టుకున్న అచ్చు) నుంచి పుట్టిస్తున్నాం కాబట్టి లాగి పడేయడానికి లేదు, అక్కడ ట్యాగ్ తో వెతికే లైనే పెట్టా, ఎస్ ఉన్నదే, ఒక్కోదానికీ గెట్‌కాంపొనెంట్ తో టైల్ తీసి అర్రేలో వేస్తున్నా. ముందొకసారి ట్యాగ్ అసలు లేదని కూడా అంది, చూస్తే మావాడు ట్యాగ్ చేసేటప్పుడు పెంకు తర్వాత ఒక స్పేస్ కొట్టాడు.

మినపరొట్టె:

స్పేస్ కొట్టినవాడికి టీ ఖర్చు వెయ్యి.

ట్యాగ్ తో వెతికితే దొరికినవన్నీ ఇస్తుంది గానీ ఏ వరసలో ఇస్తుందో హామీ లేదు. ఇవాళ నీ మెషీన్ లో సరిగ్గా వచ్చినా రేపు సార్ మెషీన్ లో తారుమారు కావచ్చు. ఇంకోటి, ఆపి ఉంచిన ఆబ్జెక్టులని అది లెక్కలోకే తీసుకోదు, కాబట్టి ముందు దాచిపెట్టి తర్వాత వెతికితే ఏడు కాదు, సున్నా వస్తాయి. వెతికి, అర్రేలో వేసుకుని, ఆ తర్వాతే దాచు.

వరస కోసం టైల్ లో నంబరు పెట్టు, అడుగుది 0, పైది 6. అర్రే నిండాక ఒక్క లైన్:

సిస్టమ్.అర్రే.సార్ట్(పెంకులు, (ఎ, బి) => ఎ.నంబరు.కంపేర్‌టు(బి.నంబరు));

ప్రిఫ్యాబ్ లో దొంతి మొత్తానికి ఒక పేరెంట్ ఉందా? ఉంటే ట్యాగులే వద్దు, దాని మీద గెట్‌కాంపొనెంట్స్‌ఇన్‌చిల్డ్రన్ అంటే టైల్ ల అర్రేనే నేరుగా ఇస్తుంది. పేరులో పిల్లలు అని ఉన్నా తల్లిని కూడా చూస్తుంది, పేరెంట్ కి పొరపాటున టైల్ తగిలించి ఉంటే ఎనిమిది వస్తాయి. అప్పుడు సార్ట్ దానికే పెట్టి, లెంగ్త్ ఒకసారి డీబగ్.లాగ్ లో వేసి 7 వచ్చిందో లేదో చూసుకో.

ఏడోపెంకు:

8 వచ్చింది అక్కా 😂😂 పేరెంట్ కి టైల్ తగిలించి ఉంది, అది నేనే, మావాడి మీద తోయడానికి కూడా లేదు. తీసేశా, 7 వచ్చింది, సార్ట్ పెట్టా, పెద్దది అడుక్కి చిన్నది పైకి చక్కగా వెళ్తున్నాయి. లెవెల్ రెండుని మూడుసార్లు ఆడాం, మూడుసార్లూ వాడే గెలిచాడు.

పైనున్న చిన్న పెంకు మాత్రం పేర్చిన రెండు సెకన్లకి మెల్లగా జారి నేలలోకి దిగిపోతోంది, నేల మీద కాదు, నేలలోకి. కన్సోల్ లో ఎర్రర్ ఏమీ లేదు. అది కొలైడర్ల (ఒకదానికొకటి తగిలిందా అని చూసే భాగాల) గొడవ అనుకుంటా, దానికి రేపు వేరే ప్రశ్న వేస్తా, ఇవాళ్టికి కరెంటు పోయేలా ఉంది.

కరీంనగర్ కోడర్:

వేసేముందు పెంకు స్కేల్ చూడు తమ్మీ, మైనస్ ఏమన్న పెట్టిండేమో మీ వాడు.